విగ్గు తెలిసిపోతోంది

మా ఇంట్లో సినిమాలు చూడం. ట్రైలర్లు మాత్రం చూస్తాం. నవ్వితే నవ్వండి. మా చర్చి సహవాసంలో సినిమా పాపం అన్నారు గానీ, మూడు నిమిషాల్లో అయిపోయేదాన్ని సినిమా అనాలా వద్దా అన్నది ఎవరూ తేల్చలేదు. తేల్చమని నేనూ అడగలేదు. అడిగితే అదీ పోతుంది.

ఈ అలవాటు నాకు అంటించింది మా అమ్మాయి బెట్సీ. శనివారం మధ్యాహ్నం ఆక్లండ్‌లో, పాపటోయిటోయిలోని మా ఇంట్లో హీటరు ముందు అది కింద కూర్చునేది. నేను సోఫాలో కూర్చుని దాని తలకి నూనె పెట్టి జడ వేసేదాన్ని. మోకాళ్లు దాటిన జుట్టు. పుట్టిన దగ్గర్నుంచీ కత్తెర తగలలేదు. మా సహవాసంలో ఆడవాళ్లం జుట్టు కత్తిరించం, నగలు పెట్టం, ఆరాధనలో తల మీద ముసుగు తియ్యం. నరసాపురం నుంచి మూడేళ్ల పిల్లగా దాన్ని ఈ న్యూజీలాండ్‌కి ఎత్తుకొచ్చినప్పుడు ఆ జుట్టు భుజాల దాకానే ఉండేది. ఈ చలిలో, ఈ చెమ్మ ఇళ్లలో, తల తడిస్తే సగం రోజు ఆరని జుట్టుని అంత పొడవు పెంచానంటే ఊరికే పెరిగిందా? పెంచాను.

చిక్కు తీసి, పాయలు విడదీసి, అల్లేసరికి బోలెడంత సేపు పట్టేది. అంతసేపూ కుదురుగా కూర్చోలేక బెట్సీ ఫోన్లో జపాన్ ట్రైలర్లు పెట్టేది. ఆ దేశంలో బొమ్మల కథల పుస్తకాలుంటాయి, మాంగా అంటారు. కుడి నుంచి ఎడమకి చదవాలి. ఇది లైబ్రరీ నుంచి సంచుల కొద్దీ మోసుకొచ్చేది. పుస్తకం బాగా అమ్ముడుపోతే దాన్ని కార్టూన్‌గా తీస్తారు, అది అనిమే. అదీ బాగా ఆడితే నిజం మనుషుల్ని పెట్టి సినిమా తీస్తారు. గొడవంతా అక్కడ మొదలవుతుంది. బొమ్మలో జుట్టు నీలంగా ఉంటుంది, గాలికి ఎగురుతుంది, ముళ్లలా నిలబడుతుంది. కన్నతల్లి కన్న మనిషికి అలాంటి జుట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది? విగ్గు పెడతారు.

"విగ్గు తెలిసిపోతోంది మమ్మీ, చూడు," అనేది బెట్సీ.

మొదట్లో నాకేం తెలిసేది కాదు. చూడగా చూడగా పట్టుబడింది. నుదురు దగ్గర చూడాలి, మెడ వెనక చూడాలి, పరిగెత్తేటప్పుడు చూడాలి. చివరికి నేనే ముందు అరిచేదాన్ని, "అదిగో, ఆ కత్తి పట్టుకున్నవాడిది విగ్గే!" అని. ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం. వారమంతా రెస్ట్ హోమ్‌లో ముసలివాళ్లని లేపి, స్నానాలు చేయించి, అన్నాలు తినిపించి నడుం పడిపోయిన నాకు ఆ పూటే పండగ. పైకి మాత్రం, "తొందరగా కానీవే, నాకు వంటుంది," అని విసుక్కునేదాన్ని.

మా ఆయన దేవపాల్ సంఘంలో పెద్ద. పని ఎయిర్‌పోర్ట్ దగ్గర గోడౌన్‌లో, ఆదివారం అద్దె హాల్లో వాక్యం చెప్పేది ఆయనే. నెమ్మది మనిషి. ఆయన గొంతు ప్రార్థనలో తప్ప లేచేది కాదు. ఇంట్లో లేచేది నాది. బెట్సీ ఏదైనా అడిగితే, వద్దనాలంటే, "మీ డాడీ ఒప్పుకోరు," అనేదాన్ని. అలా అంటే మాట తొందరగా తెగుతుంది.

బెట్సీ నర్సింగ్ ఆఖరి సంవత్సరంలోకి వచ్చేసరికి దానికి తలనొప్పులు మొదలయ్యాయి. కళ్లజోడు మార్పించాను. దిండు మార్పించాను. ఆ ఫోన్ చూడటం తగ్గించమని రోజూ సతాయించాను.

అదిగో అప్పుడే వచ్చింది ఈ సినిమా గొడవ. బెట్సీకి ప్రాణమైన పుస్తకం ఒకటుంది. పేరు నాకు నోరు తిరగదు. కథ మాత్రం జడ వేస్తూ వేస్తూ వందసార్లు విన్నాను. సముద్రం మీద బతికే ఊరు. పడవ నడిపే అన్న చచ్చిపోతాడు. చెల్లెలు చుక్కాని పట్టాలి. ఆడపిల్ల ఎక్కితే పడవ మునుగుతుందని ఆ ఊరి నమ్మకం. అందుకని తల్లే దాని జడ కోసి, ఆ జడని తెడ్డుకి కట్టి సముద్రం మీదకి పంపిస్తుంది.

"ఆ పేజీలో అమ్మ మొహం గీయలేదు మమ్మీ. చేతులే ఉంటాయి," అని ప్రతిసారీ చెప్పేది బెట్సీ. ప్రతిసారీ దాని గొంతు మారేది.

ఆ కథని మనుషులతో సినిమాగా తీస్తున్నారు. నల్ల ఇసుక తీరం కావాలని ఆక్లండ్‌ పడమటి వైపు సముద్రానికి వచ్చారు. ముందుగా వదిలిన ఫోటోల్లో హీరోయిన్ విగ్గు చూసి ఇంటర్నెట్‌లో జనం ఉతికి ఆరేశారట. దాంతో వెనక నుంచి తీసే షాట్ల కోసం నిజమైన పొడవు జుట్టున్న అమ్మాయి కావాలని ప్రకటించారు. బెట్సీ తన వీపు ఫోటో పంపింది. వాళ్లు మర్నాడే ఫోన్ చేశారు.

నాకు చెప్పినప్పుడు చెయ్యెత్తాను. నిజం, కొట్టబోయాను. పుట్టింది సంఘపెద్దకి, ఎక్కేది సినిమా! కానీ అది ఫోన్ చూపించింది. పాపం, ఆ హీరోయిన్ పిల్ల నెత్తి మీద అట్టముక్కలాంటి విగ్గు. పక్కనే మా బెట్సీ వీపు, దాని మీద నేనల్లిన జడ. చెప్పొద్దూ, గర్వమొచ్చింది. ఇంతకాలం నేను పెంచినలాంటి జుట్టు జపాన్ వాళ్లకి దొరకలేదు చూడు అనిపించింది.

"మొహం కనపడకూడదు. కత్తెర తగలకూడదు. నేను పక్కనే ఉంటాను," అన్నాను.

"మరి డాడీకి?"

"నేను సమయం చూసి చెప్తాలే."

ఆ సమయం నేను చూడలేదు.

షూటింగ్ రోజున గాలి ఎలా కొట్టిందంటే టెంట్లు లేచిపోయేటట్టున్నాయి. నల్ల ఇసుక కళ్లల్లో, పళ్లల్లో. డైరెక్టర్ ఒకాదా గారని పెద్దాయన, గమ్‌బూట్లు వేసుకుని, ఎవరు ఎదురొచ్చినా వంగి దణ్ణం పెట్టేవాడు. ఆయన మాట మాకు ఇంగ్లీషులో చెప్పడానికి యూకో అని ఆక్లండ్‌లోనే పెరిగిన అమ్మాయి ఉంది. పొద్దున బెట్సీ అలల వైపు నడిచింది, కూర్చుంది, తిరిగింది. వెనక నుంచి తీశారు. ఒక్కో షాటుకీ మధ్య గాలికి రేగిన జడ విప్పి మళ్లీ అల్లేదాన్ని. వాళ్ల హెయిర్ అమ్మాయి సాయం వస్తే వద్దన్నాను. నా పిల్ల తల, వేరేవాళ్లెందుకు ముట్టుకోవాలి?

మధ్యాహ్నం జడ కోసే సీను. బెట్సీ జుట్టుని చుట్టి అంగీ లోపలికి దోపారు. దాని తలకి ఒక దొంగ జడ తగిలించారు. తల్లి వేషం వేసినావిడ ఆ జడని పట్టుకుని కత్తెర పెట్టాలి. పెట్టింది. గాలి లేచి మెడ దగ్గర అతుకు కనపడింది. మళ్లీ తీశారు. మళ్లీ కనపడింది. ఇంకోసారి తీస్తే అతుకు కనపడలేదు గానీ ఆవిడ చేతులు బాగోలేవు. చేపని పట్టుకున్నట్టు పట్టుకుందావిడ జడని. పాపం, ఎప్పుడూ ఎవరికీ జడ వేసి ఉండదు.

అంతా అలిసిపోయి టీ తాగుతున్నారు. నేను ఆ దొంగ జడ పీకేసి, బెట్సీ జుట్టు బయటికి తీసి, ఇసుక దులిపి అల్లుతున్నాను. తలెత్తితే ఒకాదా గారు నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. నా మొహం చూడట్లేదు. చేతులు చూస్తున్నాడు. ఆయన ఏదో అన్నాడు, యూకో మెల్లిగా ఇంగ్లీషులో చెప్పింది. పుస్తకంలో గీసిన చేతులు ఇవేనట. ఈ అమ్మాయి నిజం జడని ఈ తల్లి చేతులతో కత్తిరించడానికి ఒప్పుకుంటారా, మీ మొహం కూడా కనపడదు, అని అడుగుతున్నారట.

నేను నోరు తెరిచేలోపు బెట్సీ, "యెస్," అంది.

"వద్దు!" అన్నాను. తెలుగులోనే అరిచాను. అందరికీ అర్థమైంది.

బెట్సీకి ఇరవై దాటాయి, చట్టం ప్రకారం నన్ను అడగక్కర్లేదు. యూకో ఆ మాటే చెప్పబోతే ఒకాదా గారు తల అడ్డంగా ఊపాడు. తల్లి సరే అనకపోతే కెమెరా పెట్టనన్నాడు. మీరిద్దరూ మాట్లాడుకోండి అని టెంటు ఖాళీ చేయించాడు.

"ఏమే, ఇదంతా ముందే మాట్లాడుకున్నారా వీళ్లతో?"

"లేదు మమ్మీ, ప్రామిస్. కానీ ఆయన అడగ్గానే నాకు రిలీఫ్‌గా అనిపించింది."

"రిలీఫా? దేనికి?"

బెట్సీ జడని వీపు మీద నుంచి ముందుకి తీసి ఒళ్లో పెట్టుకుంది. "తలనొప్పి కళ్ల వల్ల కాదు మమ్మీ. డాక్టర్ ఎప్పుడో చెప్పింది, జుట్టు బరువుకి మెడ పట్టేస్తోందని. వార్డులో ఒక పేషెంట్ జడ పట్టుకుని లాగితే కింద పడ్డాను కూడా. నీకు చెప్పలేదు. ఎలాగూ నేను కట్ చేసుకుంటాను. ఇవాళ కాకపోతే ఇంకో రోజు. అప్పుడు ఎవరో ఒకరి ముందు కూర్చోవాలి కదా. అది నువ్వయితే బాగుంటుందని."

ఎంత మెత్తగా అడిగింది! నాకు ఆ మెత్తదనం వినపడలేదు. డాక్టర్ చెప్పిందన్నది వినపడింది, నాకు చెప్పలేదన్నది వినపడింది. ఒళ్లు మండిపోయింది.

"నా చేత్తోనా? నీ జుట్టు కోస్తే నా చేతులు పడిపోవాలి! ఇందుకా నిన్ను పెంచింది? రేపు మీ డాడీ సంఘంలో ఎలా నిలబడతారు? ఆయన గుండె ఆగిపోతుంది, తెలుసా?"

"డాడీకి ఫోన్ చేద్దామా? నేనే అడుగుతాను."

"ఏమని? సినిమా షూటింగ్‌లో ఉన్నామనా?"

బెట్సీ ఒళ్లోని జడ కొసని వేలికి చుట్టుకుంది.

"బొమ్మలో ఉన్నట్టు సినిమాలో లేదని మనం నవ్వుకుంటాం కదా మమ్మీ," అంది అది. "నీ మనసులో కూడా నాది ఒక బొమ్మ ఉంది. నేను అలా లేను."

"నోర్ముయ్," అన్నాను.

బయటికి వెళ్లి తనే చెప్పింది కుదరదని. ఒకాదా గారు నా దగ్గరికి వచ్చి నడుం దాకా వంగి దణ్ణం పెట్టాడు. తిట్టినా బాగుండేది. దొంగ జడతోనే కానిచ్చేసుకున్నారు. ఇంటికి వచ్చేటప్పుడు కారు నేను నడిపాను, బెట్సీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవట్లేదు, అదే నాకు భయమేసింది.

తరవాతి శనివారం నూనె వేడి చేసి పిలిచాను. జడ వేసేసుకుని వచ్చింది.

"నేనే వేసుకున్నాను మమ్మీ. నీకు వంటుంది కదా."

ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది. నేనే, "ఏం, నా చేతులకి రోగమొచ్చిందా?" అన్నాను. అది నవ్వి ఊరుకుంది. ఆ తరవాతి శనివారం నూనె వేడి చేయలేదు. పిలిస్తే వస్తుందేమో, వచ్చేదేమో. పంతానికి పోయి పిలవలేదు.

చదువు అయింది. ఆక్లండ్‌లోనే ఉద్యోగాలున్నాయి, అయినా బెట్సీ మూడు గంటల దూరంలో ఉన్న టౌరంగాలో చేరింది. మా ఆయనే దాని మంచం, బట్టలు కారు మీద వేసుకుని దింపి వచ్చారు. తరవాత ఒకసారి నాకు సెలవు దొరక్క, మామిడికాయ పచ్చడి ఆయన చేతికిచ్చి పంపాను. వీడియో కాల్ చేస్తే ఎప్పుడూ ఊలు టోపీ. టౌరంగా మాకంటే ఎండ బాగా కాసే ఊరు. "అంత చలేంటే నీకు?" అంటే, "ఏసీ ఎక్కువ మమ్మీ," అనేది. టోపీలో అంత జుట్టు ఎలా పట్టిందో అని ఒకసారి అనుకున్నాను కూడా. అనుకుని వదిలేశాను. చూడకూడదనుకుంటే కళ్లెదుట ఉన్నదీ కనపడదు మరి.

పోయిన ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చాక ఫోన్ మోగింది. బెట్సీ ఒక లింకు పంపింది. మాటేమీ రాయలేదు. ట్రైలర్ వచ్చేసింది. మా ఆయన హాల్లోనే మర్నాటి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. నేను వంటగది గుమ్మంలో నిలబడి చూశాను.

నల్ల ఇసుక. అలలు. వెనక నుంచి నడుస్తున్న మా బెట్సీ, దాని జడ. ఎంత బాగుందో! నా పిల్ల అని అరవాలనిపించింది. ఆ వెంటనే తల్లి చేతులు, కత్తెర. జడ తెగి ఇసుకలో పడింది. అది మా జడ కాదు. మెడ దగ్గర అతుకు, పొడి పొడిగా తెగిన పీచు, చేపని పట్టుకున్నట్టు ఆ చేతులు. కింద కామెంట్లలో జనం అప్పుడే నవ్వులు మొదలుపెట్టారు. పుస్తకం మొత్తానికి ప్రాణం ఆ పేజీయే, దాన్నే పాడు చేశారని రాస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలుసు, తెలియదని ఎవరికి చెప్పను?

బెట్సీకి వీడియో కాల్ చేశాను.

"చూశావా మమ్మీ?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"విగ్గు తెలిసిపోతోంది," అన్నాను.

అది పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఎన్నాళ్లయిందో ఇద్దరం అలా నవ్వి. ఆ నవ్వులో మర్చిపోయిందో, ఇంక చాల్లే అనుకుందో, చెయ్యెత్తి టోపీ తీసేసింది.

జుట్టు చెవుల కిందకి ఉంది. మెడ కనపడుతోంది. ఇరవై ఏళ్లుగా నేను తప్ప ఎవరూ చూడని మెడ.

"ఎప్పుడు?" అన్నాను.

"ఇక్కడికొచ్చిన మొదటి వారమే."

"ఎవరు చేశారు?"

"మాల్‌లో సెలూన్ ఉంది మమ్మీ. షెరిల్ అని పెద్దావిడ. చాలా మంచిది. కట్ చేసే ముందు షూర్‌నా, షూర్‌నా అని అడుగుతూనే ఉంది. మీ మదర్‌కి తెలుసా అని కూడా అడిగింది."

"జడేం చేసింది?"

"ఎవరికైనా డొనేట్ చేద్దామా అంది. ఇంకాసేపు అక్కడే ఉంటే ఏడ్చేస్తానని వద్దన్నాను. ఊడ్చేసింది."

ఊడ్చేసింది. నల్ల ఇసుక మీద పడాల్సినది, లోకమంతా చూడాల్సినది, ఎవరిదో చీపురు కిందకి పోయింది. నాలుక చివర తిట్టు సిద్ధంగా ఉంది. అలవాటైన తిట్టే బయటికొచ్చింది.

"మీ డాడీకి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించావా?"

హాల్లో ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది.

"డాడీకి తెలుసు మమ్మీ," అంది బెట్సీ. "పచ్చడి తెచ్చినప్పుడు చూశారు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నొప్పి తగ్గిందా తల్లీ అన్నారు. షూటింగ్ సంగతి కూడా చెప్పేశాను. మమ్మీకి సమయం చూసి చెబుదాం అన్నారు."

నేను ఆయన వైపు తిరిగాను. చొక్కా చేత్తో పట్టుకుని తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డారు.

"నువ్వు తట్టుకోలేవని, మణీ," అన్నారు. "నీకు చెప్పాలంటే మా ఇద్దరికీ భయం."

ఎవరి పేరు చెప్పి ఇన్నేళ్లూ దాని నోరు మూయించానో ఆ మనిషి ఆ మాటన్నారు. గుండె ఆగిపోతుందన్నాను కదా ఆయనది! ఆయన గుండె నిక్షేపంగా ఉంది. నేనే గుమ్మం పట్టుకున్నాను.

ఫోన్లో బెట్సీ, "మమ్మీ? ఉన్నావా?" అంటోంది.

"ఉన్నాను," అన్నాను. కళ్లు తుడుచుకుని దాని మెడ వైపు చూశాను. "వెనక ఎడమ పక్క కొంచెం ఎగుడుదిగుడుగా ఉందే. ఈసారి వచ్చినప్పుడు నా ముందు కూర్చో, సరిచేస్తాను. రెస్ట్ హోమ్‌లో ముసలమ్మలకి నేనే కదా కత్తిరించేది. చెయ్యి బాగుంటుందంటారు."

బెట్సీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి, పైకి మాత్రం నవ్వుతూనే ఉంది.

"పర్లేదు మమ్మీ. షెరిల్‌కి నా జుట్టు అలవాటైపోయింది. మళ్లీ అపాయింట్‌మెంట్ కూడా పెట్టేసింది."

"ఎప్పటికి?"

"శనివారం మమ్మీ. మధ్యాహ్నం. నాకు అప్పుడే కదా ఖాళీ."